ఇంట్లో కారు పని చేస్కునేవాళ్ళు ఇంపాక్ట్ రెంచ్ ఎలా సెలెక్ట్ చేస్కోవాలి

ఇంపాక్ట్ రెంచ్ అంటే సుత్తి దెబ్బల్లాంటి కుదుపులతో బిగుసుకున్న నట్లు విప్పే మిషన్. అది కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కళ్ళబడేది టార్క్ నంబరే, అంటే నట్టుని తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో. ఒకటి 350 అంటుంది, ఇంకోటి 800 అంటుంది, నాలుగు వేలకి వచ్చేదేమో ఏకంగా 1200 అని రాసుకుంటుంది. ఎక్కువ నంబర్ తక్కువ రేటుకి దొరుకుతుంటే ఎవరికైనా చెయ్యి అటే పోతుంది కదా. కానీ అక్కడ మొదలుపెట్టకండి. ముందు మీ కారులో నట్లు ఎంత టైట్‌గా ఉంటాయో తెల్సుకుని, తర్వాత బాక్స్ మీద నంబర్ చూడండి, అప్పుడు సగం మోడళ్ళు వాటంతటవే లిస్టులోంచి పోతాయి.

స్టెప్ 1: ఏ నట్లు విప్పుతారో ఒక కాగితం మీద రాయండి

నిజంగానే రాయండి, మనసులో అనుకుంటే అన్నీ చేసేస్తాం అనిపిస్తుంది. ఇంటి దగ్గర కారు పని అంటే మనలో ఎక్కువమంది చేసేవి టైర్లు మార్చడం, ముందు టైర్లు వెనక్కి వెనక టైర్లు ముందుకి వేస్కోవడం, బ్రేక్ ప్యాడ్లు, ఇంకొంచెం ధైర్యం ఉంటే షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్, లింక్ రాడ్లు లాంటి సస్పెన్షన్ భాగాలు. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ చివరుండే పెద్ద నట్టు, ఇంజిన్‌కి బెల్టు తిప్పే క్రాంక్ పుల్లీ బోల్టు దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ.

ఈ లిస్టులో స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ట్యాపెట్ కవర్ బోల్టులు ఉంటే కొట్టేయండి. వాటికి ఈ మిషన్ పెట్టకూడదు. డ్రెయిన్ బోల్టు చాలా కార్లలో 30, 40 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటుంది, స్పార్క్ ప్లగ్గులు ఇంకా తక్కువ, అవి వెళ్ళేది అల్యూమినియంలోకి, ఇంపాక్ట్ పెడితే రెండు సెకన్లలో మరలు పోతాయి. తర్వాత దానికి అయ్యే ఖర్చుతో ఇంకో మిషన్ వస్తుంది.

ఒకవేళ మీ లిస్టులో ఏడాదికోసారి స్టెప్నీ మార్చడం తప్ప ఇంకేం లేకపోతే అసలు ఇంపాక్టే వద్దు. రెండడుగుల బ్రేకర్ బార్, అంటే పొడవాటి పిడి ఒకటి, దానికి తగిలించే మీ నట్టు సైజు సాకెట్ ఒకటి కొనుక్కుని డిక్కీలో పడేయండి, పనైపోతుంది. మిషన్ మీద మోజుతో కొంటాను అంటే అది వేరే సంగతి, నేనేం ఆపను.

స్టెప్ 2: మీ కారు నంబర్లు కనుక్కోండి

గ్లవ్ బాక్స్‌లో పడున్న ఓనర్స్ మాన్యువల్ తీయండి. వీల్ నట్టు టార్క్ అందులో ఉంటుంది. మారుతి చిన్న కార్లలో మోడల్‌ని బట్టి 85 నుంచి 100 న్యూటన్ మీటర్లు, హ్యుందాయ్ ఐ20, క్రెటా లాంటి వాటిల్లో 107 నుంచి 127, ఇన్నోవాలో 103, పోలోలో 120. చూశారా, చిన్న కారైనా ఇన్నోవా అయినా వంద చుట్టుపక్కలే తిరుగుతోంది. 1200 అని రాసుకున్న మిషన్ మనకెందుకు మరి?

ఇక్కడొక చిక్కుంది. కంపెనీ వంద అంటే మీ కారు మీద నిజంగా వందే ఉందని గ్యారంటీ లేదు. హైవే పక్కన పంక్చర్ షాపుల్లో ఎయిర్ గన్ పెట్టి టర్‌ర్‌ర్ మని అరిచేదాకా కొడతారు, టార్క్ రెంచ్, అంటే మనం పెట్టిన నంబర్ దగ్గర క్లిక్ మనే పానా, వాడేవాళ్ళు చాలా తక్కువ. దానికి తోడు తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో కారు కింద బోల్టులు తొందరగా తుప్పుపడతాయి, బిగించినప్పటికంటే విప్పేటప్పుడే ఎక్కువ బలం కావాలి.

మీ నట్టు ఎంత టైట్‌గా ఉందో ఇంట్లోనే ఒక అంచనా వేయొచ్చు. కారుతో వచ్చిన వీల్ పానా సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది అనుకోండి, టేపుతో కొల్చుకోండి. 70 కేజీల మనిషి దాని చివర పూర్తి బరువు వేస్తే 70 ఇంటూ 0.3 అంటే 21 కేజీ మీటర్లు, దాన్ని 9.81 తో గుణిస్తే సుమారు 206 న్యూటన్ మీటర్లు. అంటే పానా మీద కాలేసి మొత్తం బరువు ఆనిస్తే తప్ప నట్టు కదలట్లేదంటే మీ నట్టు 200 దగ్గర కూర్చుందన్నమాట. చేత్తో గట్టిగా తోస్తే వచ్చేస్తుంటే అంత లేదు. ఈ లెక్క చేసేటప్పుడు కారు జాకీ మీద ఉండకూడదు, టైరు నేల మీదే ఉండాలి, పానా మీద గెంతకూడదు, నెమ్మదిగా బరువు వేయాలంతే.

డ్రైవ్ షాఫ్ట్ నట్టు మాత్రం చాలా కార్లలో కంపెనీ నుంచే 200 చుట్టుపక్కల ఉంటుంది, కొన్నిట్లో ఇంకా పైన. పాత హోండాల క్రాంక్ పుల్లీ బోల్టు అయితే మొండితనానికి ప్రపంచమంతా పేరు మోసింది.

ఇదంతా కలిపి చూస్తే వీల్ నట్లు, బ్రేకులు, సస్పెన్షన్ వరకు చేసేవాళ్ళకి నిజాయితీగా 300 నుంచి 400 న్యూటన్ మీటర్లు ఇచ్చే మిషన్ చాలు. "నిజాయితీగా" అనే మాట దగ్గర కాస్త ఆగండి. కంపెనీలు రెండు నంబర్లు చెప్తాయి, ఒకటి బిగించే టార్క్, ఇంకోటి బిగుసుకున్న నట్టుని కదిపే టార్క్, రెండోది ఎప్పుడూ పెద్దగా ఉంటుంది. ఉదాహరణకి మకిటా డీటీడబ్ల్యూ 300 బిగించడానికి 330, విప్పడానికి 580 అని ఇస్తుంది. అదే కంపెనీ డీటీడబ్ల్యూ 1002 అయితే 1000, 1600. యాడ్‌లో ఒక్క నంబరే ఉండి అది ఏదో చెప్పలేదంటే అది పెద్దదే అనుకోండి. రెండు మిషన్లు పోల్చేటప్పుడు ఒకదాని చిన్న నంబర్‌ని ఇంకోదాని పెద్ద నంబర్‌తో పోల్చి మోసపోకండి. అమెరికా వీడియోల్లో ఫుట్ పౌండ్లలో చెప్తారు, దాన్ని 1.356 తో గుణిస్తే మన న్యూటన్ మీటర్లు వస్తాయి, వాళ్ళ 300 అంటే మన 407.

1000 క్లాసు మిషన్ ఎవరికి కావాలంటే పాత బొలెరో, స్కార్పియో లాంటి బండ్ల కింద పడుకుని పని చేసేవాళ్ళకి, ట్రాక్టర్ కూడా ఇంట్లో ఉన్నవాళ్ళకి, డ్రైవ్ షాఫ్టులు రెగ్యులర్‌గా విప్పేవాళ్ళకి. మిగతావాళ్ళకి అది బరువు, బ్యాటరీతో కలిపి మూడు కేజీలు దాటిపోతుంది, కారు కింద పడుకుని ఒంటి చేత్తో పైకెత్తి పట్టుకుంటే పది నిమిషాల్లో భుజం పోతుంది, పైగా పొరపాటున బిగించే వైపు ట్రిగ్గర్ నొక్కితే నట్టు ఎక్కే స్టడ్డు తెగి చేతిలోకొస్తుంది.

స్టెప్ 3: గాలిదా, వైరుదా, బ్యాటరీదా

గాలితో నడిచేది చూడ్డానికి చవగ్గా కనిపిస్తుంది, గన్ రెండు మూడు వేలకే వస్తుంది, కానీ దాని వెనకాల కంప్రెసర్ ఉండాలి. టైర్లలో గాలి కొట్టే చిన్న 12 వోల్ట్ పంపుతో ఈ గన్ తిరగదు, ముందే చెప్తున్నా, ఈ డౌట్ చాలామందికి ఉంటుంది. 90 పీఎస్ఐ ప్రెషర్‌లో గాలి ధారగా రావాలి, దానికి ట్యాంకు ఉన్న, కనీసం 2 హెచ్‌పీ కంప్రెసర్ ఉంటే కొంచెం కొంచెం ఆగుతూ పని నడుస్తుంది. ఇండిపెండెంట్ ఇల్లు, షెడ్డు, పెయింటింగ్ పనికి ఎలాగూ కంప్రెసర్ ఉందీ అంటే గాలిదే తీస్కోండి, బ్యాటరీ చచ్చిపోయే బాధ ఉండదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కంప్రెసర్ పెడితే అసోసియేషన్ వాళ్ళు సాయంత్రానికి మీటింగ్ పెడతారు.

వైరు మోడళ్ళని జనం తక్కువ అంచనా వేస్తారు. 230 వోల్ట్ ప్లగ్గు దగ్గర్లో ఉందీ, నెలకో రెండు నెలలకో ఒకసారి పని చేస్తారూ అంటే నా దృష్టిలో ఇదే బెస్ట్. మకిటా టీడబ్ల్యూ 0350 అర అంగుళం మిషన్, 350 న్యూటన్ మీటర్లు, ఐదేళ్ళు మూల పడేసి తీసినా ప్లగ్గు పెడితే తిరుగుతుంది. బ్యాటరీ మిషన్‌ని అలా వదిలేస్తే బ్యాటరీయే ముందు పోతుంది. మైనస్ ఏంటంటే వైరు కాళ్ళకి అడ్డం, రోడ్డు మీద బండి ఆగిపోతే పనికిరాదు, వర్షాకాలంలో తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగడం ప్రమాదం.

బ్యాటరీది అందరికీ ఇష్టం, నాక్కూడా. డిక్కీలో పెట్టుకుని వెళ్ళొచ్చు, అదే బ్యాటరీ డ్రిల్లుకీ గ్రైండర్‌కీ బ్లోయర్‌కీ వాడుకోవచ్చు. అందుకే ఇంట్లో ఆల్రెడీ ఏదైనా కంపెనీ 18 వోల్ట్ డ్రిల్లు ఉంటే ముందు ఆ కంపెనీలో ఇంపాక్ట్ బాడీ ఒక్కటే దొరుకుతుందేమో చూడండి, బ్యాటరీ, ఛార్జర్ డబ్బులు మిగులుతాయి. బ్రష్‌లెస్ మోటర్ ఉన్నదే తీస్కోండి, అదే సైజులో ఎక్కువ బలం, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో వస్తూ తెస్తా అన్నారంటే ఆగండి. అక్కడి ఛార్జర్లు చాలావరకు 120 వోల్ట్‌కే చేసినవి, ఇక్కడ నేరుగా 230 లో పెడితే ఢాం. ఛార్జర్ ఇక్కడ కొనుక్కోవచ్చో లేదో ముందు కనుక్కోండి. విడి బ్యాటరీలు చెకిన్ బ్యాగ్‌లో వేయకూడదు, చేతి బ్యాగ్‌లోనే తేవాలి, మామూలుగా 100 వాట్ అవర్ల దాకానే ఒప్పుకుంటారు. 18 వోల్ట్ 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 వస్తుంది కాబట్టి పర్లేదు. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లుతుందని ఆశ పెట్టుకోకండి.

స్టెప్ 4: బ్యాటరీ మీద రాసింది నమ్మేముందు లెక్క వేయండి

మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. మామూలు 18 వోల్ట్ బ్యాటరీలో సెల్స్ ఐదు వరసగా ఉంటాయి. ఒక్కో సెల్ 3.6 వోల్ట్, ఐదు కలిస్తే 18. ఫుల్ ఛార్జ్ అయినప్పుడు ఒక్కోటి 4.2 ఉంటుంది, ఐదు కలిస్తే 21. అంటే 18 వోల్ట్, 20 వోల్ట్ మ్యాక్స్, 21 వోల్ట్ మూడూ ఒకటే, పేర్లే వేరు, వీటిల్లో మోసం లేదు. కానీ 48, 88, 128 అని రాసి పక్కన వీఎఫ్ అనో ఇంకేదో అక్షరాలు పెట్టేవి ఉంటాయి చూడండి, అవి వోల్టులు కావు. విప్పి చూస్తే మామూలుగా అవే ఐదు సెల్స్ వరస. నిజంగా 88 వోల్ట్ రావాలంటే ఇరవైకి పైనే సెల్స్ వరసగా పెట్టాలి, అంత చిన్న డబ్బాలో పట్టవు.

కెపాసిటీకి కూడా ఇలాంటి లెక్కే. ఈ బ్యాటరీల్లో ఎక్కువగా వాడే 18650 సైజు సెల్‌లో బాగా ఎక్కువంటే 3.5 ఆంపియర్ అవర్ దాకా ఉంటుంది. ఐదు సెల్స్ ఉంటే అంతకు మించి రాదు, పది సెల్స్ ఉంటే 7 కి మించి రాదు. 15000 ఎంఏహెచ్ అని రాసి చేతిలోకి తీస్కుంటే తేలిగ్గా ఉందంటే అర్థం చేస్కోండి. ఒక్కో సెల్ 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది, పది సెల్స్ ఉన్న బ్యాటరీ డబ్బాతో కలిపి 600 గ్రాముల దగ్గర తూగాలి. వంటింట్లో కాటా ఉంటే తూచేయండి, 350 వస్తే లోపల ఐదే ఉన్నాయి.

ఇంకో సంగతి, 2 ఆంపియర్ అవర్ చిన్న బ్యాటరీ పెట్టి టార్క్ రావట్లేదని మిషన్‌ని తిట్టేవాళ్ళు ఉంటారు. ఇంపాక్ట్ ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది, ఐదు సెల్స్ అంత ఇవ్వలేక వోల్టేజ్ పడిపోతుంది. 4 లేదా 5 ఆంపియర్ అవర్ పెడితే అదే మిషన్ వేరేలా కొడుతుంది. కిట్టు కొనేటప్పుడు రెండు చిన్న బ్యాటరీల కంటే ఒక పెద్ద బ్యాటరీ మేలు.

స్టెప్ 5: మూతి సైజు, మోడ్‌లు

కారుకి, సాకెట్ తగిలించే చదరపు మూతి అర అంగుళం ఉన్నదే కొనండి. 3/8 ది ఇంజిన్ బేలో ఇరుకు జాగాల్లో బాగుంటుంది కానీ మొదటి మిషన్‌గా కాదు. ముప్పావు అంగుళం లారీలకి. పావు అంగుళం షడ్భుజి రంధ్రం ఉన్నది ఇంపాక్ట్ డ్రైవర్, అది స్క్రూలకి, దానికి అడాప్టర్ పెట్టి వీల్ నట్టు విప్పుదామంటే అడాప్టరే ముందు తెగుతుంది.

మూతి దగ్గర సాకెట్‌ని పట్టి ఉంచేది చుట్టూ రింగు అయినా ఉంటుంది, చిన్న పిన్ను అయినా ఉంటుంది. రింగు ఉంటే సాకెట్ చేత్తో లాగితే వస్తుంది, ఇంటి పనికి అదే సుఖం. ఆటో స్టాప్ ఉందా చూడండి. రివర్స్‌లో నట్టు లూజవగానే మిషన్ ఆగిపోవడం చిన్న విషయం అనిపిస్తుంది కానీ అది లేకపోతే నట్టు గాల్లోకి ఎగిరి కారు కిందకి దొర్లిపోతుంది. రెండు మూడు స్పీడ్‌లు, ట్రిగ్గర్ నొక్కిన కొద్దీ పెరిగే స్పీడ్ తప్పనిసరి. బ్లూటూత్, యాప్, అవన్నీ వదిలేయండి.

స్టెప్ 6: సాకెట్లకీ టార్క్ రెంచ్‌కీ డబ్బు ముందే పక్కన పెట్టండి

మీ బడ్జెట్ పదిహేను వేలు అనుకుంటే పదిహేను వేలూ మిషన్ మీద పెట్టకండి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పానాల కోసం చేసినవి, ఇంపాక్ట్ దెబ్బకి పగిలి ముక్కలు ఎగురుతాయి, కంటికి తగిలితే అంతే. నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే కావాలి, అవి క్రోమ్ మాలిబ్డినంతో చేస్తారు, దెబ్బ తట్టుకుంటాయి. ఆరు మూలలవే తీస్కోండి, పన్నెండు మూలలవి నట్టు అంచుల్ని గుండ్రం చేసేస్తాయి. సెట్టు మొత్తం అక్కర్లేదు. వీల్ నట్లకి మారుతి, హోండాల్లో 19 ఎంఎం, హ్యుందాయ్, ఇన్నోవాల్లో 21, పోలో లాంటి ఫోక్స్‌వ్యాగన్ కార్లలో నట్టు కాదు బోల్టు ఉంటుంది దానికి 17. మీ సైజు డీప్ సాకెట్ ఒకటి, సస్పెన్షన్ కోసం 14, 17, 19 ఉంటే చాలావరకు గడిచిపోతుంది. అల్లాయ్ వీల్స్ ఉంటే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న సన్న సాకెట్ తీస్కోండి, లేకపోతే రంధ్రం చుట్టూ గీతలు పడతాయి.

టార్క్ రెంచ్ అయితే కొనాల్సిందే, అర అంగుళందే, 200 న్యూటన్ మీటర్ల దాకా కొలిచేది. ఇంపాక్ట్ విప్పడానికి, టార్క్ రెంచ్ బిగించడానికి, అంతే. మిషన్‌లో ఒకటో మోడ్ 100 న్యూటన్ మీటర్లు అని బ్రోషర్‌లో ఉన్నా దాన్ని నమ్మి వదిలేయకండి, ఎన్ని సెకన్లు కొట్టారు, బ్యాటరీ ఎంతుంది, సాకెట్ ఎంత పొడవు, వీటన్నిటిని బట్టి అది మారిపోతూ ఉంటుంది.

స్టెప్ 7: షాపులో చేతిలోకి తీస్కుని చూడండి

హైదరాబాద్ వాళ్ళయితే సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ వాళ్ళయితే ఆటోనగర్, వైజాగ్ వాళ్ళయితే గాజువాక ఆటోనగర్ వైపు ఒక పూట తిరగండి. ఆన్‌లైన్ రేటు స్క్రీన్‌షాట్ తీస్కుని వెళ్ళండి, బేరం ఆడ్డానికి పనికొస్తుంది. బ్యాటరీ పెట్టించి పట్టుకోండి, ఖాళీ బాడీ బరువు చూసి ఓకే అనకండి. పొడవు చూడండి, టైరు ఆర్చ్ లోపల సాకెట్‌తో కలిపి పట్టాలి కదా. మూతి పట్టుకుని ఊపితే కొంచెం ఆట ఉండటం మామూలే, కటకటలాడితే వద్దు. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్‌తో వారంటీ కార్డు అడగండి, బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తా అంటే ఆ వెయ్యి ఇచ్చేయడమే నయం. మీ ఊళ్ళో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా, విడి బ్యాటరీ ఇప్పుడు షెల్ఫ్‌లో ఉందా అని కూడా అడగండి. బ్యాటరీ ఎక్కడా దొరకని మిషన్ రెండేళ్ళలో పాత ఇనుము సామాన్లవాడికే.

స్టెప్ 8: మొదటిసారి వాడేటప్పుడు

కళ్ళద్దాలు, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి, ఈ మిషన్ల శబ్దం 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది, బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఇంకా మోగుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, టైరుకి రాయి అడ్డం పెట్టి, కారు నేల మీద ఉండగానే నట్లు ఒక్క పిసరు లూజ్ చేసి అప్పుడు జాకీ ఎత్తండి, కిందకి దూరే పనైతే స్టాండ్లు పెట్టకుండా దూరొద్దు. తుప్పు నట్టు ఐదారు సెకన్లు కొట్టినా కదలకపోతే కొడుతూనే ఉండకండి, వైర్ బ్రష్‌తో రుద్ది పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి పావుగంట ఆగి మళ్ళీ ట్రై చేయండి. పొడవైన ఎక్స్‌టెన్షన్ రాడ్ పెడితే దెబ్బలో కొంత ఆ రాడ్ మెలిక తిరగడంలోనే పోతుంది, వీలైనంత పొట్టిగా ఉంచండి. దొంగల కోసం పెట్టే లాక్ నట్టు మీద, దాని తాళం మీద ఇంపాక్ట్ అస్సలు వాడకండి, వాటి గాడులు సన్నగా ఉంటాయి, పగిలిపోతే నట్టు తీయడానికి షెడ్డు వాడికి దండం పెట్టాలి.

వీల్ తిరిగి పెట్టేటప్పుడు ప్రతి నట్టూ చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి మర సరిగ్గా పడిందని చూస్కోండి. ఎదురెదురు నట్లు వరసలో కొంచెం బిగించి, కారు దించి, అదే వరసలో టార్క్ రెంచ్ క్లిక్ అనేదాకా బిగించండి, ఒక్కసారి క్లిక్ చాలు, ఇంకోటి ఎక్స్‌ట్రా వద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి టార్క్ రెంచ్ పెట్టి చూడండి.

బ్యాటరీని మే నెల ఎండలో డిక్కీలో వదిలేయకండి, ఇంట్లో చల్లగా ఉండే అరలో సగం ఛార్జ్‌తో పెట్టి రెండు మూడు నెలలకోసారి చూస్కోండి. టార్క్ రెంచ్‌ని కూడా వాడాక దాని మీద ఉండే కనిష్ట నంబర్ దాకా వెనక్కి తిప్పి డబ్బాలో పెట్టండి, స్ప్రింగు బిగిసి ఉంటే రీడింగ్ తేడా కొడుతుంది.